నలభై డిగ్రీల హాజరు

కాలువగట్ల పరిరక్షణ శాఖలో కుర్చీ విరగాలన్నా ఒక పద్ధతి ఉంది. ముందు అది పనికిరాదని సిబ్బంది రాయాలి. దాన్ని ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చి చూడాలి. ఆ తరువాత పెద్దాఫీసు ఒప్పుకోవాలి. పెదలంక ఆఫీసు రికార్డు గదిలోని కుర్చీ గురించి రాసి ఆరేళ్ళయింది. కమిటీ ఇంకా రాలేదు కనుక కాగితాల ప్రకారం అది గట్టి కుర్చీయే. ఫిబ్రవరిలో ఒక గురువారం నాడు సీనియర్ అసిస్టెంటు పేరూరి భానోజీరావు, పై అరలో ఉన్న పాత గట్టు పటం అందుకోవడానికి ఆ గట్టి కుర్చీ ఎక్కాడు. పటం చేతికందింది. కుర్చీ మాత్రం కమిటీ కోసం ఆగలేదు.

భానోజీరావుకు అప్పటికి యాభై నాలుగేళ్ళు. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే ఆఫీసులో, అదే కిటికీ పక్కన పనిచేస్తున్నాడు. పెదలంక కాలువకు ఏ ఏడు ఎక్కడ గండి పడిందో, ఏ మలుపు దగ్గర గట్టు కుంగుతుందో, ఎక్కడ ఎండ్రకాయలు బొరియలు పెడతాయో అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆ రోజు నేరుగా కుడిభుజం మీద పడ్డాడు. ఆసుపత్రిలో ఫోటో తీసి గూడ జారిందన్నారు, ఎముక చివర సన్నటి చీలిక కూడా ఉందన్నారు. గూడ ఎక్కించేటప్పుడు అతను పెట్టిన కేకకు, పక్క మంచం మీద కాలికి కట్టుతో నిద్రపోతున్న పెద్దమనిషి లేచి కూర్చుని, తనకు నొప్పి తగ్గిపోయింది ఇంటికి పంపించెయ్యమని అడిగాడట.

ఆరు వారాలు చెయ్యి మెడకు కట్టి ఉంచారు. యాభై నాలుగేళ్ళు ఏ పనీ నేర్పకుండా గారాబంగా పెంచుకున్న ఎడమచెయ్యి ఎంత పనికిమాలినదో ఆ ఆరు వారాల్లోనే అతనికి తెలిసింది. గుండీ పెట్టుకోలేడు, తల దువ్వుకోలేడు. చెంచాతో పప్పన్నం నోటి దగ్గరికి తెచ్చేసరికి సగం గడ్డానికి అంటేది. భార్య మాణిక్యం ఇంట్లో జాకెట్లు కుట్టే మనిషి. రెండు రోజులు ముద్దలు కలిపి పెట్టింది, చొక్కాలు తొడిగింది. మూడో రోజు అతని చొక్కాలన్నీ ముందేసుకుని, కుడిపక్కన చంక కుట్టు విప్పి, చెయ్యి పొడుగునా టిచ్ బటన్లు వేసింది. ఇక మీ చొక్కా మీరే తొడుక్కోండి అంది. తన చొక్కా తాను తొడుక్కుని వీధి అరుగు మీద కూర్చున్న ఆ పొద్దుట భానోజీరావుకు మళ్ళీ మగాడినయ్యానన్నంత ధైర్యం వచ్చింది.

కట్టు విప్పిన రోజు ఆ ధైర్యం కాస్తా పోయింది. కట్టు విప్పారు గాని భుజం విప్పుకోలేదు. చెయ్యి ఎత్తమంటే బొడ్డు దాకా వచ్చి, లోపలినుంచి ఎవరో గొళ్ళెం పెట్టినట్టు ఆగిపోయింది. భుజం బిగుసుకుపోయిందనీ, వ్యాయామం తప్ప మందు లేదనీ డాక్టరు చెప్పి, బస్టాండు వెనక మందుల షాపు మేడ మీద ఉండే ఫిజియోథెరపిస్టు హెప్సిబా దగ్గరికి పంపించాడు. హెప్సిబా ముప్ఫై ఏళ్ళు దాటని అమ్మాయి. రెండు ప్లాస్టిక్ బద్దలు కలిపి మేకు కొట్టినట్టుండే కోణమానిని అతని చంక దగ్గర ఆనించి చూసి, నలభై డిగ్రీలని కాగితం మీద రాసింది. మంచి భుజానికి నూట ఎనభై ఉంటుందని చెప్పింది.

ఆ కాగితం జేబులో పెట్టుకుని ఏప్రిల్ ఒకటో తారీఖున భానోజీరావు ఆఫీసుకు వెళ్ళాడు. అతను లేని ఆరువారాల్లో ఆఫీసు మారిపోయింది.

సంగతేమిటంటే, శాఖ కమిషనరు గారు ఏదో చల్లటి ఊళ్ళో మూడు రోజుల శిక్షణకు వెళ్ళి వచ్చారు. వచ్చిన మర్నాడే సర్క్యులరు పుట్టింది. గుమ్మం పక్కన గోడకు మేకులు కొట్టి దాన్ని తగిలించారు:

‘ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికి తెలియజేయునది ఏమనగా, సోమరితనము భుజమునందు జనించి వ్రేళ్ళ కొసలకు ప్రాకునని శిక్షణయందు నిర్ధారణ అయినందున, ప్రతి ఉద్యోగియు ఉదయం పది గంటలకు తన కుడిచేతిని చెవికి ఆనునట్లు నిటారుగా ఎత్తి, నేనూ హాజరు, నా మనసూ హాజరు, అని పలుకవలెను. ఎత్తని చెయ్యి, రాని ఉద్యోగితో సమానము.’

దీనికి ఊర్ధ్వ హస్త హాజరు పథకమని పేరు. ఫైళ్ళ మీద క్లుప్తంగా ఊ.హ.హా. అని రాసేవారు. దాన్ని నవ్వకుండా చదవగలిగిన మనిషి పెదలంక ఆఫీసులో ఒక్క సూపరింటెండెంటు పుల్లంరాజు గారే. ఆయన చెడ్డవాడు కాదు. కొందరు పాట కచేరీ విన్నట్టు ఆయన నిబంధనలు చదివేవాడు, అంతే.

సర్క్యులరు పక్కన నిలువెత్తు నల్ల అద్దం ఒకటి బిగించారు. ఎదురుగా నిలబడి చెయ్యెత్తితే అది చూసి, పేరు పిలిచి, హాజరు వేసుకుంటుంది. భానోజీరావు దాని ముందు నిలబడి చేతనైనంత ఎత్తాడు. అద్దంలోంచి ఒక ఆడగొంతు వచ్చింది.

“చెయ్యి కానరాలేదు. దయచేసి చెయ్యి తెచ్చుకోండి.”

అతను ఎడమచెయ్యి ఎత్తాడు. ఇది మీ చెయ్యి కాదు అంది గొంతు.

పుల్లంరాజు గారు జాలిపడి మినహాయింపు కోసం అర్జీ పెట్టించాడు. అర్జీ రాయడానికి భానోజీరావుకు గంటన్నర పట్టింది, ఎందుకంటే కుడిమోచేతిని ఎడమచేత్తో నెట్టుకుంటూ రాయాలి. వారం తిరక్కుండా పెద్దాఫీసు జవాబిచ్చింది. కుడిచెయ్యి లేనివారికి మాత్రమే మినహాయింపు కలదు. అర్జీదారు తనకు కుడిచెయ్యి ఉన్నట్లు అర్జీలోనే ఒప్పుకొనియున్నారు. కావున సదరు చేతిని ఎత్తవలెను, లేదా సదరు చెయ్యి లేదని ధ్రువపత్రము సమర్పించవలెను. పుల్లంరాజు గారు ఆ కాగితం రెండుసార్లు చదివి, రెండోది తేలికేమో కనుక్కోమని సలహా ఇచ్చాడు. ఆయన హాస్యానికి అనలేదు.

భానోజీరావు హెప్సిబా ఇచ్చిన కాగితం జతచేసి రెండో అర్జీ పెట్టాడు. అందులో నలభై డిగ్రీలన్న మాట ఉంది. పెద్దాఫీసుకు మనిషి గోడు అర్థం కావడానికి టైము పట్టవచ్చు గాని అంకె కనబడితే వెంటనే ప్రాణం లేచొస్తుంది. నూట ఎనభైకి నలభై అంటే ఇరవై రెండు శాతం. కావున శ్రీ భానోజీరావు ప్రతిదినము ఇరవై రెండు శాతము హాజరైనట్లు పరిగణించవలెనని, కొలత పెరిగినకొద్దీ శాతమును పెంచవలెనని ఉత్తర్వు వచ్చింది. పది నుంచి అయిదు దాకా ఏడు గంటల ఉద్యోగంలో ఇరవై రెండు శాతమంటే గంటా ముప్ఫై రెండు నిమిషాలు.

మర్నాడు పదకొండూ ముప్ఫై రెండుకు గుమ్మం దగ్గర గొంతు ప్రకటించింది: శ్రీ భానోజీరావు గారు వెళ్ళిపోయారు. భానోజీరావు తన కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. పుల్లంరాజు గారు వచ్చి, ఎంతో మొహమాటపడుతూ, హాజరులో లేని వ్యక్తి ఫైళ్ళు ముట్టుకోవడం నేరమని చెప్పి, వరండాలో ప్రజలు కూర్చునే బెంచీ చూపించాడు. పోనీ ఇంటికి పోతానన్నాడు భానోజీరావు. అయిదు కాకుండా ఆఫీసు ఆవరణ వదిలిపోతే అది అనుమతి లేని గైర్హాజరు అవుతుందట. అంటే అతను లేడు, పోవడానికి కూడా వీల్లేదు.

అలా భానోజీరావు బెంచీ చేరాడు.

బెంచీ మీద అతనికి తోడు దొరికినవాడు కొత్తలాకు రైతు నూకరాజు. కొత్తలాకు దగ్గర కాలువగట్టు ఆ వేసవిలో మూరెడు కుంగింది. జూన్ పదిహేనున నీళ్ళు వదులుతారు. ఈలోగా గట్టు బాగు చెయ్యకపోతే నీళ్ళు మూడువందల ఎకరాల నారుమళ్ళ మీద పడతాయి. ఆ ఫైలు భానోజీరావు సీటులోనే ఉంది. నలభై ఏళ్ళ గట్టు కొలతలు పటాలతో సరిచూసి నోటు రాస్తే గాని అది కదలదు. ఆ పాత చేతిరాతలు చదవగలిగినవాడు ఆఫీసులో మరొకడు లేడు. మామూలుగా పది రోజుల పని. ఇప్పుడు అతనికున్నది రోజుకు గంటన్నర, అదీ కుంటుకుంటూ రాసే చెయ్యి.

“నీళ్ళొదిలేత్తే ఆ గట్టు ఆగదండి బాబూ,” అన్నాడు నూకరాజు. “తవరి సెయ్యి ఎప్పటికి లేత్తాదో సెప్పండి. మావోళ్ళకి అదే సెప్తాను.”

భానోజీరావుకు భుజం నొప్పి పుట్టిన తరువాత అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు. అప్పటిదాకా హెప్సిబా దగ్గరికి రోజు విడిచి రోజు, నొప్పి పుట్టగానే ఆపేద్దామన్న ఆలోచనతో వెళ్ళేవాడు. ఆ మర్నాటినుంచి రోజూ ఉదయం ఆరింటికే మేడ మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

హెప్సిబా అతన్ని బల్ల మీదికి వంగబెట్టి, చెయ్యి కిందికి వేలాడదీసి, గడియారం లోలకంలా ఊపించేది. తలుపు పైన గిలకకు వేసిన తాడు ఒక కొస ఎడమచేత్తో లాగించి, రెండో కొస పట్టుకున్న కుడిచేతిని మెల్లగా పైకి పోనిచ్చేది. అన్నిటికంటే కష్టమైంది గోడ. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళతో సాలీడులా ఒక్కొక్క అంగుళమే పైకి పాకాలి. భుజంలో కరెంటు కొట్టినట్టయ్యేది. కళ్ళవెంట నీళ్ళు కారేవి. అది చెమట అని అతను చెప్పేవాడు, హెప్సిబా ఒప్పుకునేది.

“నొప్పి దగ్గర ఆగండి బాబాయ్ గారూ, తప్పులేదు,” అందొకరోజు. “మీరు నొప్పికంటే రెండంగుళాల ముందే, భయం దగ్గర ఆగిపోతున్నారు. అక్కడ ఆగకండి.”

ఇంట్లో ఆ పని మాణిక్యం అందుకుంది. వంటింటి గోడ మీద అతని వేళ్ళు చేరినచోట రోజూ దర్జీ సుద్దతో గీత గీసి, టేపుతో కొలిచి, తారీఖు వేసేది. లెక్కలు వేసి అయిదు డిగ్రీలు పెరిగితే ఉద్యోగం పన్నెండు నిమిషాలు పెరుగుతుందని కనిపెట్టింది. వేడినీళ్ళ సంచీ భుజం మీద పెడుతూ, ఈ వారం పావుగంట సంపాదించారని చెప్పేది. అతను వెనక్కి తగ్గిన రోజు సుద్దను అక్కడే పొయ్యిగట్టు మీద ఉంచి పోయేది. అది చూసి అతను మళ్ళీ లేచి గోడ దగ్గరికి నడిచేవాడు.

ఏప్రిల్ ఆఖరుకు అరవై డిగ్రీలు వచ్చాయి. పన్నెండూ ఇరవై దాకా ఉద్యోగం. మే నెల మధ్యకు తొంభై అయిదు. ఒంటిగంటా నలభై రెండు. ఆ గంటల్లో అతను తల ఎత్తకుండా పటాలు సరిచూశాడు. మే ఇరవై తొమ్మిదిన కొత్తలాకు గట్టు నోటు పూర్తయింది. అక్షరాలు వానలో తడిసిన చీమల్లా ఉన్నాయి గాని లెక్క తప్పలేదు. ఇక కమిషనరు గారి సంతకమే తరువాయి.

ఈలోగా ఆఫీసులో ఇంకో ఉపద్రవం వచ్చింది. ఆడిటు వాళ్ళు వచ్చి, ఒక్క భానోజీరావుకే డిగ్రీల లెక్క కట్టడం వివక్ష అవుతుందని రాశారు. పెద్దాఫీసు సిగ్గుపడి, సమానత్వం పాటిస్తూ అందరికీ కొలత పెట్టమని అద్దానికి నేర్పించింది. ముప్ఫై ఒక్కమందిలో నూట ఎనభై నిండినవాళ్ళు ఆరుగురే తేలారు. మిగతావాళ్ళు ఇన్నేళ్ళూ తమ చేతులు పూర్తిగానే లేస్తున్నాయనుకుంటూ బతికారు. పుల్లంరాజు గారికి నూట యాభై వచ్చాయి. ఆయన మూడూ నలభై తొమ్మిదికి కలం మూసి, ఎవరూ చెప్పకుండానే బయటికి వచ్చి భానోజీరావు పక్కన కూర్చున్నాడు.

నాలుగు దాటితే ఆఫీసు మొత్తం వరండాలోనే ఉండేది. పనుల మీద వచ్చిన జనం బెంచీ ఖాళీ లేక లోపలికి పోయి, ఫ్యాన్ల కింద సిబ్బంది కుర్చీల్లో కూర్చునేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు వాళ్ళకే అర్జీలు ఇచ్చేవారు. ఒక పాలవ్యాపారి రెండు రోజుల్లో పదమూడు అర్జీలు తీసుకున్నాడని, వాటిలో నాలుగింటికి మంచి సలహా కూడా ఇచ్చాడని చెప్పుకున్నారు. రెండో బెంచీకి ప్రతిపాదన పంపితే, హాజరులో లేనివారి సౌకర్యార్థము వ్యయము చేయుట కుదరదని తిరిగొచ్చింది.

హెప్సిబా మేడ మాత్రం కిటకిటలాడింది. ఉదయం ఆరింటికి పెదలంక కాలువగట్ల ఆఫీసు యావత్తూ అక్కడ గోడకు ముఖాలు పెట్టి వేళ్ళతో పైకి పాకుతూ ఉండేది. పుల్లంరాజు గారు అక్కడ కూడా సీనియారిటీ ప్రకారం నిలబడాలన్నాడు గాని హెప్సిబా వినలేదు.

జూన్ మూడున కమిషనరు గారు తనిఖీకి వచ్చారు. ఊ.హ.హా. పథకం బాగా అమలవుతున్న ఆఫీసు అని పెదలంకకు పేరు వచ్చింది, ఎందుకంటే ఇన్ని కోణాల లెక్కలు మరే ఆఫీసూ పంపలేదు. ఆయన దిగేసరికి మూడూ పది. వెంట ఇద్దరు ఫోటోగ్రాఫర్లున్నారు. భుజబలమే ప్రజాబలమని ఒక చిన్న ఉపన్యాసం చేశారు. సిబ్బందికి ఆదర్శంగా తమరు ఒక్కసారి చెయ్యెత్తి చూపాలని పుల్లంరాజు గారు చేతులు జోడించాడు.

కమిషనరు గారు తరువాత చూద్దామన్నారు. ఫోటోగ్రాఫర్లు అప్పటికే మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆయన అద్దం ముందుకు నడిచి, పళ్ళు బిగించి, కుడిచెయ్యి ఎత్తారు.

“నూట ఇరవై డిగ్రీలు,” అంది గొంతు. “అరవై ఏడు శాతం. శ్రీ కమిషనరు గారు రెండూ నలభై ఒకటికి వెళ్ళిపోయారు.”

గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది. ఏదో ఒకటి చెయ్యాలి కనుక పుల్లంరాజు గారు కొత్తలాకు ఫైలు తెరిచి, సంతకం పెట్టే పలక ముందుంచాడు. శాఖలో సంతకాలన్నీ ఆ పలక మీదే, దానికీ అద్దానికీ లోపల్లోపల చుట్టరికం. కమిషనరు గారు వేలు ఆనించారు. సంతకందారు హాజరులో లేరు అని పలక మీద ఎర్రగా పడింది. రెండోసారీ అదే పడింది. అప్పుడు పుల్లంరాజు గారు, గర్భగుడికి దారి చూపించినంత భక్తితో, వరండాలోని బెంచీ వైపు చెయ్యి చూపించి దయచేయమన్నాడు. ఆ నిబంధన రాసింది తానే గనుక, ఫోటోగ్రాఫర్లు చూస్తున్నారు గనుక, కమిషనరు గారు దయచేశారు.

భానోజీరావు జరిగి చోటిచ్చాడు. ఆ పక్కన ఉన్న నూకరాజు పూర్తిగా లేచి నిలబడ్డాడు. కొంతసేపు కమిషనరు గారు దూరంగా కొబ్బరిచెట్లు చూశారు. ఆయన కుడిచెయ్యి ఒడిలో పెట్టుకున్న తీరు భానోజీరావు చూశాడు. ఎడమచేత్తో కుడిమోచెయ్యి కింద దన్ను పెట్టి, పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ఫిబ్రవరి నుంచీ అతనూ అలాగే పట్టుకుంటున్నాడు.

“ఎన్నాళ్ళయిందండీ?” అన్నాడు మెల్లిగా.

“ఏది?”

“భుజం.”

కమిషనరు గారు అటూ ఇటూ చూశారు. “ఎనిమిది నెలలు,” అన్నారు.

పడింది లేదు, తగిలింది లేదు. షుగరున్నవాళ్ళకు అలా బిగుసుకుపోవడం మామూలేనట. కోటు తొడగడానికి డ్రైవరు, వీపు రుద్దుకోవడానికి గరిటె. ఎవరికీ చెప్పలేదు. శాఖాధిపతికి చెయ్యి లేవదంటే ఎలా ఉంటుంది? శిక్షణలో ఒక పొద్దుట అందర్నీ చేతులెత్తి నిలబడమన్నారు. యాభైమంది ఎత్తారు. ఆయనొక్కరికే లేవలేదు.

“అందరూ నన్నే చూశారు భానోజీరావు గారూ,” అన్నారు. “తిరిగొస్తూ దారి పొడుగునా ఆలోచించాను. అందరిచేతా రోజూ ఎత్తించేవాడిని ఎవరూ ఎత్తమని అడగరని తోచింది.”

భానోజీరావుకు ముందు కోపం వచ్చింది. రెండు నెలలుగా ఈ బెంచీ మీద ఎండిపోయింది ఇందుకా అనుకున్నాడు. కాని కోపం సగం దాకా వచ్చి, ఆయన మోచెయ్యి కింద పెట్టుకున్న ఆ ఎడమచెయ్యి చూసి ఆగిపోయింది. తడిసిన బనీను తల మీదుగా తీసుకోలేక స్నానాల గదిలో నిలబడి ఏడ్చిన రోజు అతనికీ ఉంది. ఆ సంగతి మాణిక్యానికి కూడా చెప్పలేదు. ఇప్పుడు కమిషనరు గారికి చెప్పాడు. ఇద్దరూ గంటన్నర సేపు ఏ పక్కకు తిరిగి పడుకుంటే నొప్పి తక్కువో మాట్లాడుకున్నారు.

అయిదు కొట్టగానే భానోజీరావు ఆయన్ని హెప్సిబా దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ సాయంత్రం అక్కడ ఆఫీసువాళ్ళు ఎనిమిదిమంది గోడెక్కుతున్నారు. కమిషనరు గారిని చూసి నమస్కారం పెడదామంటే చేతులు అంత తొందరగా కిందికి రాలేదు. హెప్సిబాకు ఆయనెవరో తెలియదు. వేలు, మోచెయ్యి, భుజం పట్టుకుని చూసి, ఇన్నాళ్ళు ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నారేమిటి బాబాయ్ గారూ అని మందలించి, పుల్లంరాజు గారి పక్కన గోడకు నిలబెట్టింది. ఆయన కూడా వేళ్ళతో పాకడం మొదలుపెట్టారు.

ఆ రాత్రి అతిథిగృహంలో ఉండిపోయి, మర్నాడు పదింటికి ఆఫీసుకు వచ్చి, తాను ఇంకా ఉన్నట్టు అద్దం చేత చెప్పించుకుని, కమిషనరు గారు మొదట కొత్తలాకు ఫైలు మీద సంతకం పెట్టారు. పలక పచ్చగా వెలిగింది. మూడో రోజుకు గట్టు మీద మట్టి లారీలు దిగాయి. జూన్ పదిహేను సాయంత్రం నీళ్ళు వచ్చాయి. భానోజీరావు సైకిలు తొక్కలేడు కనుక నూకరాజు బండి మీద వెనక కూర్చుని వెళ్ళాడు. ఎర్రటి నీళ్ళు కొత్త గట్టును ఒరుసుకుంటూ మలుపు తిరిగి పోయాయి. మట్టి పెళ్ళ కూడా రాలలేదు. నూకరాజు కాలువ వైపు చూస్తూ అతని ఎడమభుజం మీద చెయ్యి వేశాడు, కుడిది నొప్పెడుతుందని.

పథకం రద్దవుతుందని అందరూ అనుకున్నారు. శాఖలో ఏదీ రద్దు కాదు, సవరణ అవుతుంది. హెప్సిబా వైద్యంతో నెలకు ఇరవై డిగ్రీలు పుంజుకున్న కమిషనరు గారికి కొత్త జ్ఞానోదయమైంది. కోణము ముఖ్యము కాదు, ప్రగతి ముఖ్యము. ఎవరెంత ఎత్తినా పూర్తి హాజరు. అయితే ఆరేసి నెలలకొకసారి ఎవరి భుజము ఎంత ప్రగతి సాధించినదో లెక్కించి, తదనుగుణముగా సత్కారము గాని సంజాయిషీ గాని ఉండును.

సెప్టెంబరు ఆఖరుకు భానోజీరావు చెయ్యి నూట డెబ్బై అయిదుకు చేరింది. మిగతా అయిదూ ఎవరికీ ఏ పనికీ అక్కర్లేదని హెప్సిబా చెప్పి పంపించేసింది. నలభై నుంచి నూట డెబ్బై అయిదు అంటే మూడువందల ముప్ఫై ఏడు శాతం ప్రగతి. రాష్ట్రం మొత్తం మీద ఏ ఉద్యోగీ ఏ విషయంలోనూ అంత ప్రగతి చూపలేదు. ఉత్తమ భుజమని బిరుదిచ్చి, పట్టుశాలువా కప్పారు. మొదటినుంచీ నూట ఎనభై ఉన్న ఆరుగురికి శూన్య ప్రగతి కింద సంజాయిషీ నోటీసులు వచ్చాయి. నూట యాభై నుంచి నూట అరవైకి వచ్చిన పుల్లంరాజు గారిని మందకొడి భుజము అన్నారు. ఉద్యోగంలో ఆయనకు పడిన మొదటి మచ్చ అది.

అక్టోబరులో కొత్త ఆరునెలల మొదటి కొలత పెట్టిన రోజు, పుల్లంరాజు గారు భానోజీరావును పక్కకు పిలిచాడు. ఇరవై ఏళ్ళలో ఆయన ఒక నిబంధన గురించి గొంతు తగ్గించి మాట్లాడటం అదే మొదలు.

“ఇవాళ కొంచెం తక్కువ ఎత్తండి భానోజీ గారూ. నెలకింతని పెంచుకుంటూ పోదాం. నేను తొంభై అనుకున్నాను.”

అందరూ అలాగే అనుకున్నారు. ఒకరి తరువాత ఒకరు అద్దం ముందు నిలబడి, చెయ్యి సగం ఎత్తి, మూలిగి, దించేశారు. నూట ఎనభై వాళ్ళు ఆరుగురూ అందరికంటే ఎక్కువగా మూలిగారు. భానోజీరావు వంతు వచ్చింది. అతనూ తొంభై దగ్గర ఆపుదామనే వెళ్ళాడు. చెయ్యి ఎత్తాడు. తొంభై దగ్గరికి వచ్చాక ఆపడానికి చెయ్యి రాలేదు. ఆ తొంభై కోసం ఏప్రిల్, మే నెలల్లో ఎన్ని పొద్దుటలు గోడ పట్టుకుని ఏడ్చాడో, ఆ తరువాతి ఒక్కొక్క అంగుళమూ ఏ తారీఖున వచ్చిందో అతని భుజానికి గుర్తుంది. చెయ్యి నూరు దాటింది, నూట యాభై దాటింది, చెవికి ఆనింది. ఎక్కడా గొళ్ళెం పడలేదు. వెనక పుల్లంరాజు గారు నిట్టూర్చడం వినిపించింది.

మరుసటి ఏప్రిల్లో సంజాయిషీ నోటీసు వచ్చింది. ‘తమ భుజము గడచిన అర్ధసంవత్సరములో ఎట్టి ప్రగతియు కనబరచక ఉన్నచోటనే ఉండిపోయినందున, దానికి కారణము ఏడు దినములలో తెలుపవలెను.’ కారణం అన్న గడిలో భానోజీరావు కుడిచేత్తో, గుండ్రటి అక్షరాలతో, నయమైనది అని రాశాడు. ఆఫీసు ప్రతి ఇచ్చేసి, తన ప్రతి ఇంటికి తెచ్చాడు.

మాణిక్యం కుట్టుమిషను ఆపి అది చదివింది. మొదటి వాక్యం దాకా ఓర్చుకుంది, తరువాత కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. శాలువా బీరువాలో పెట్టేసి, ఈ కాగితానికి మాత్రం అద్దం కట్టించింది. ఆదివారం పొద్దుట భానోజీరావు సుత్తీ మేకూ తీసుకుని ముందుగది గోడ దగ్గర నిలబడి, తల ఎత్తున మేకు ఆనించాడు.

“ఇంకొంచెం పైకి,” అంది మాణిక్యం.

అతను చెయ్యి చాచి, ఇంకొంచెం పైన మేకు కొట్టాడు.